మావాడి స్పిట్‌ఫైర్, నా లెక్క

నా చిన్నతనంలో మద్రాసులో మా నాన్నగారికి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. ఇంగ్లండులో కోవెంట్రీలో ఉద్యోగం చేస్తున్న మావాడు 1967 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కొన్నానంటే, అందుకే కోప్పడలేకపోయాను. హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి చేసిన బండే అది. పుట్టిందీ ఆ ఊళ్లోనే.

నేను వెళ్లేసరికి వెనక డిఫరెన్షియల్ మార్చే పనిలో ఉన్నాడు. పాతది హోరు పెడుతోంది. దాని నిష్పత్తి 4.11. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 4.11 చుట్లు తిరిగితే చక్రాలు ఒక్క చుట్టు. తర్వాత వచ్చిన స్పిట్‌ఫైర్ 1500 లోని 3.63 రకం తెచ్చాడు.

"పాతదే బాగు చేయించరాదూ, ఈ ఖర్చెందుకురా?" అన్నాను.

"లెక్క కట్టండి నాన్నా" అన్నాడు.

కట్టాను. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరగాల్సిన వేగానికి ఇక 3,530 చాలు! ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుందనుకోండి, అది వేరే సంగతి.

వెనక అడ్డంగా ఉండే కమాను కట్టను డిఫరెన్షియల్ నెత్తి మీదే బిగిస్తారు. ముందు దాన్ని విప్పాలి. సాయం చేద్దామని, హబ్బు కింద జాకీ పెట్టకుండానే షాక్ అబ్జార్బర్ బోల్టు తీయబోయాను. మావాడు నా చేయి పట్టుకుని ఒక్క లాగు లాగాడు. బిగువు మీదున్న కట్ట విడివడితే ఆ చేయి విరిగేదే. తిట్టలేదు, జాకీ తెచ్చి పెట్టాడు.

అంతా అయ్యాక నాకో అనుమానం వచ్చింది. స్పీడోమీటరు తీగ వచ్చేది గేరుబాక్సు నుంచి. వెనక నిష్పత్తి మారిన సంగతి దానికెలా తెలుస్తుంది? అది 62 మైళ్లు చూపేటప్పటికి అసలు వేగం 70, అక్కడి పెద్ద రోడ్ల మీద చట్టం ఒప్పుకునే గరిష్ఠం. ఉన్నదానికంటే తక్కువ చూపే పద్దు నాకు పడదు. "50కి 57, 62కి 70" అని చీటీ రాసి డాష్‌బోర్డు మీద అంటించాను. మీటరు సరిచేయించేదాకా తీయనని మావాడి చేత మాట తీసుకుని మరీ విమానమెక్కాను.