ఢిల్లీ లేఖ: సబ్సిడీ కప్పుకేనా, గోడలకు లేదా?

జోర్‌బాగ్ సమీపాన అలీగంజ్‌లోని ఇందిరా పర్యావరణ్ భవన్ కప్పు, గోడలను దాటి గొడుగు వలె ముందుకు చాచుకొని ఉంటుంది. 930 కిలోవాట్ల సౌర ఫలకాలకు అంత చోటు కావలసి వచ్చింది. 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఈ మంత్రిత్వశాఖ కార్యాలయాన్ని, ఏడాదిలో తాను వాడుకునే విద్యుత్తును తానే ఉత్పత్తి చేసుకోవాలన్న లక్ష్యంతో నిర్మించారు. అయితే అందులోని విజ్ఞత కేవలం కప్పుది కాదు. నడుమ ఆవరణ విడిచి, గాలి వెలుతురులకు దారి ఇచ్చి, మొదట వాడకాన్ని తగ్గించారు.

సామాన్యుని ఇంటి విషయంలో ఈ వరుస తలకిందులైంది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకానికి 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. లక్ష్యం కోటి ఇళ్లు. ఉద్దేశం మంచిదే. కానీ ధనమంతా ఫలకాల చుట్టూనే తిరుగుతున్నది.

ప్రభుత్వ లెక్కనే తీసుకుందాం. పథకం ఆరంభంలో మొదటి రెండు కిలోవాట్లకు 50,000 చొప్పున, మూడవదానికి 45,000 రూపాయలు ప్రామాణిక ధరగా నిర్ణయించారు. మొత్తం 1,45,000. అందులో సబ్సిడీ 78,000. యజమాని భరించేది 67,000. దీనితో నెలకు సుమారు 300 యూనిట్లు వస్తాయి. నెలకు 600 యూనిట్లు ఖర్చయ్యే ఇంటికి మరో మూడు కిలోవాట్లు కావాలి. సబ్సిడీ పరిమితి అప్పటికే ముగిసింది గనుక, అదే 45,000 ధరన 1,35,000 రూపాయలు యజమాని జేబు నుంచే పోవాలి.

డిజైన్ విలువ ఇక్కడే తెలుస్తుంది. పడమటి ఎండను అడ్డగించే నీడ, తెల్లని కప్పు, ఎదురెదురు కిటికీలు, తక్కువ విద్యుత్తు తాగే పంకాలు - ఇవి తగ్గించే ప్రతి వంద యూనిట్లకు ఒక కిలోవాటు ఫలకం మిగులుతుంది. ఇంటి ముఖం ఎటు ఉండాలో కాగితంపై నిర్ణయించడానికి ఖర్చు లేదు. పునాది పడిన తరువాత ఎంత వెచ్చించినా అది మారదు.

గోడలు, కిటికీల గుండా చొరబడే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి విధించిన ఎకో నివాస్ సంహిత 2018లోనే వెలువడింది. 2022 నాటి ఇంధన పొదుపు చట్ట సవరణ పెద్ద నివాస భవనాలనూ తన పరిధిలోకి తెచ్చింది. కానీ అమలు చేయవలసినవి రాష్ట్రాలు, పురపాలక సంఘాలు. పైగా నిర్మాణ వ్యయం బిల్డరుది, కరెంటు బిల్లు కొనుగోలుదారునిది. తాను అనుభవించని పొదుపు కోసం బిల్డరు ఎందుకు ఖర్చు పెడతాడు? పది అంతస్తుల భవనంలో అందరికీ చాలినంత కప్పు లేనే లేదు; అక్కడి కుటుంబాలకు గోడల పొదుపే ప్రధానమైన దిక్కు.

చల్లని కప్పుల కోసం తెలంగాణ 2023లో ప్రత్యేక విధానం ప్రకటించింది. అటువంటి ఆలోచనకు కేంద్ర నిధి తోడు కావాలి. సూర్యుని కప్పుపైకి ఆహ్వానించడానికి ఖజానాలో ధనం ఉన్నప్పుడు, ఆయన గదిలోకి రాకుండా నిలువరించడానికీ కొంత ఉండవలదా?