వైరస్ కత్తెరను ఆపే మాత్ర

మొన్న వానాకాలంలో తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు మూడు రోజులు బడికి రాలేదు. చూసి వద్దామని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ముక్కుకూ నోటికీ తువ్వాలు అడ్డం కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పరీక్షలో ఇన్‌ఫ్లూయెంజా అని తేలిందట.

"మాస్టారూ, డాక్టరుగారు పది గొట్టం మాత్రలు రాశారు. నాలుగు వేసుకున్నాను, జ్వరం తగ్గింది. మిగిలిన ఆరూ తమ్ముడికి వేయమంటారా? నిన్నటి నుంచి వాడికీ ఒళ్ళు కాలిపోతోంది" అన్నాడు.

తమ్ముడి మీద ప్రేమ మంచిదే. కాని ఆ ఆలోచన ప్రమాదకరమైనది. ఎందుకో తెలియాలంటే, ఆ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి.

కొక్కెం, కత్తెర

ఆ మందు పేరు ఒసెల్టామివిర్. ఇన్‌ఫ్లూయెంజా వైరస్ తనంతట తాను పెరగలేదు. మన ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల కణాల్లో దూరి, ఆ కణాల చేతనే తన నకళ్ళు చేయిస్తుంది. కణం పైపొర మీద సియాలిక్ ఆమ్లం అనే చక్కెర జాతి పదార్థం ఉంటుంది. వైరస్ లోపలికి రావడానికి పట్టుకునే కొక్కెం అదే. తమాషా ఏమిటంటే, కొత్త వైరస్‌లు బయటికి పోయేటప్పుడు కూడా అదే వాటిని అంటిపెట్టుకుని వదలదు. ఆ బంధాన్ని తెంచడానికి వైరస్ ఒంటి మీద ఒక కత్తెర ఉంటుంది. అదే న్యూరామినిడేజ్ అనే ఎంజైము.

1983లో ఆస్ట్రేలియాలో పీటర్ కోల్మన్, జోస్ వర్గీస్ అనే శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణాల సాయంతో ఈ ఎంజైము ఆకారాన్ని కనుగొన్నారు. దాని మీద ఒక గుంట ఉంది. కోత జరిగేది అక్కడే. ఆ గుంటలో సరిగ్గా ఇమిడే పదార్థం ఉంటే కత్తెర పనిచేయదు గదా! ఈ ఊహ నుంచే మొదట పీల్చే పొడి మందు జనామివిర్, తరవాత మింగే మందు ఒసెల్టామివిర్ పుట్టాయి. రెండింటికీ 1999లో అమెరికాలో అనుమతి లభించింది.

ఒసెల్టామివిర్ తయారీకి కావలసిన షికిమిక్ ఆమ్లం మన బిర్యానీలో వేసే అనాసపువ్వులో ఉంటుంది. అలాగని అనాసపువ్వు నమిలితే ఫ్లూ తగ్గదు. ఆ ఆమ్లం మందుగా మారాలంటే ఎన్నో రసాయన చర్యలు జరగాలి.

ఎప్పుడు, ఎవరికి?

చూశారా! ఈ మందు వైరస్‌ను చంపదు, వ్యాపించకుండా ఆపుతుంది. అందుకే వైరస్ బాగా వ్యాపించకముందే, అంటే జబ్బు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే ఫలితం ఎక్కువ. అప్పుడైనా జబ్బు సుమారు ఒక రోజు ముందుగా తగ్గుతుంది, అంతే. ఆరోగ్యవంతులకు చాలా వరకు విశ్రాంతితోనే నయమవుతుంది. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసం, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు, జబ్బు తీవ్రమైనవారు – వీరికి ఈ మందు అవసరం ఎక్కువ. తీవ్రంగా ఉంటే 48 గంటలు దాటినా డాక్టర్లు ఇస్తారు.

ఆరు మాత్రల లెక్క

ఇక మన ప్రశ్నకు వద్దాం. ఆ ఆరు మాత్రలు తమ్ముడికి ఎందుకు వేయకూడదు?

మొదటిది: జ్వరం తగ్గినంత మాత్రాన వైరస్ పూర్తిగా పోయినట్టు కాదు. రోజుకు రెండు చొప్పున అయిదు రోజులు వాడాలని డాక్టరు రాస్తే, పదీ వాడాలి.

రెండవది: పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది. 40 కిలోలు దాటినవారికి పూటకు 75 మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లవాడికి 45 మాత్రమే. పైగా ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అవి సరిగా పనిచేయనివారికి మోతాదు తగ్గించాలి. ఈ లెక్క కట్టవలసింది డాక్టరు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: తమ్ముడిది ఫ్లూ జ్వరమేనని ఎవరు చెప్పారు? ఈ మాత్ర ఆపేది ఫ్లూ వైరస్ కత్తెరను మాత్రమే. మామూలు జలుబు మీద, కోవిడ్ మీద, డెంగీ మీద, టైఫాయిడ్ మీద ఇది పనిచేయదు.

వాడేటప్పుడు

కొందరికి వికారం, వాంతులు కలుగుతాయి. భోజనం చేసి వేసుకుంటే అవి తగ్గుతాయి. ఒక పూట మరిచిపోతే గుర్తుకు రాగానే వేసుకోవాలి. తరవాతి మాత్రకు రెండు గంటలలోపే ఉంటే వదిలేయాలి. రెండూ కలిపి మాత్రం మింగరాదు. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, వింత ప్రవర్తన కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలంగా మారడం, మగతగా పడి ఉండడం జబ్బు ముదిరిన గుర్తులు. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫ్లూ జ్వరంలో పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. రే వ్యాధి అనే జబ్బు వచ్చి, మెదడు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇదంతా చెప్పి, వాళ్ళ నాన్నగారితో తమ్ముణ్ణి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించాను. రక్తపు చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూశారు. మలేరియా! దానికి మందు వేరు. ఫ్లూ మాత్రలు మింగించి నిశ్చింతగా కూర్చుని ఉంటే, ఆ పిల్లవాడి గతి ఏమయ్యేదో ఆలోచించండి.

పది రోజుల తరవాత అన్నదమ్ములిద్దరూ బడికి వచ్చారు. పెద్దవాడి మాత్రలు పదీ వాడికే సరిపోయాయి.