గది చిన్నది, హీటర్ పెద్దది

డాలస్‌లో చలి హెచ్చరిక రావడం ఆలస్యం, మన వాట్సాప్ గ్రూపుల్లో సలహా తయారు: ‘‘కరెంటు పోతే చిన్న ప్రొపేన్ హీటర్ ఏ మూలకీ చాలదు. 18,000 బీటీయూది కొనేయండి, గది ఇట్టే వెచ్చబడుతుంది.’’ 2021 ఫిబ్రవరిలో రోజుల తరబడి కరెంటు లేక వణికినవాళ్ల భయం అర్థం చేసుకోవచ్చు. ఈ సలహాకే అర్థం లేదు.

అపోహ: ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: పన్నెండడుగుల పొడవూ వెడల్పూ ఉన్న పడకగదికి, ఇన్సులేషన్ బాగుంటే, చదరపు అడుగుకు 30 చొప్పున లెక్కేసినా గంటకు సుమారు 4,300 బీటీయూల వేడి చాలు. మరి నాలుగింతలు పెడితే? పొగగొట్టం లేని హీటర్ గదిలోని ఆక్సిజన్‌తోనే మండుతుంది. తొమ్మిదడుగుల ఎత్తున్న ఆ గదిని గాలి చొరకుండా బిగించి 18,000ది వెలిగిస్తే, 21 శాతం ఉన్న ఆక్సిజన్ సుమారు గంటలో 18కి పడిపోతుంది. 4,000 మీద నడిపితే అందుకు నాలుగు గంటలు దాటుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఇంధనం సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరుగుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పైగా గంటకు అర లీటరుకు మించిన నీరు ఆవిరై గదిలో చేరుతుంది. కిటికీలు చెమర్చి గోడలు బూజు పడతాయి. పౌండు సిలిండరు గంటంపావు కూడా రాదు. మంచు రోడ్డు మీద ఇంకోటి తెచ్చేదెవరు, సలహా ఇచ్చిన అంకులా?

‘హీటర్‌లో సెన్సర్ ఉందిగా!’ అది చూసేది ఆక్సిజన్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు.

‘నీలం మంటైతే భయం లేదు.’ మూసిన గదిలో నీలం మంటా ఆక్సిజన్‌ని తింటుంది.

‘బార్బెక్యూ బొగ్గులు పొగ పోయాక లోపలికి తెచ్చుకోవచ్చు.’ 2021లో కార్బన్ మోనాక్సైడ్‌తో హ్యూస్టన్ జనాన్ని ఆసుపత్రుల పాలు చేసినవాటిలో బొగ్గు గ్రిల్లులూ ఉన్నాయి.

రెండంతస్తుల ఎత్తు సీలింగున్న లివింగ్ రూమ్‌కి చిన్న హీటర్ చాలదన్నది మాత్రం నిజమే, ఒప్పుకోక తప్పదు. వేడంతా పైకే పోతుంది. అలాగని పెద్ద హీటర్ కొనక్కర్లేదు. ఆ హాలు వదిలి ఇంటిల్లిపాదీ ఒక చిన్న గదిలోకి చేరితే సరి.

ముందు గది కొలవండి. ఇంటి లోపల వాడొచ్చని పెట్టె మీద రాసి ఉన్నదే కొనండి. సిలిండరు నెత్తిన బిగించే రకం ఆరుబయటికే. కిటికీ ఎంత తెరవమని మాన్యువల్ చెబితే అంత తెరవండి. పడుకునే ముందు ఆపేసి దుప్పట్లు కప్పుకోండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో మాత్రం ఏ సైజు హీటరూ వెలిగించకండి.