శస్త్రమా, శాస్త్రమా?

పోయిన వేసవిలో అమ్మమ్మకి కంటి శుక్లం తీయించడానికి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. నాన్న బిల్లు కట్టే లైన్లో ఉన్నారు. నర్సు ఒక తెలుగు ఫారం నా చేతిలో పెట్టి, సంతకం పెట్టించమంది. అమ్మమ్మకి కన్ను ఆనదు కాబట్టి చదివే పని నాది. ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ కదా, కూడబలుక్కుంటూ "శాస్త్ర చికిత్స" అని చదివాను.

"అంటే ఏంటి నాన్నా? కత్తి పెడతారా?"

"లేదు అమ్మమ్మా, శాస్త్రం అంటే సైన్స్. సైంటిఫిక్ ట్రీట్‌మెంట్ అన్నమాట."

ఆవిడ నన్ను నమ్మి సంతకం పెట్టబోతుంటే నర్సు విని, "అది శస్త్రచికిత్స బాబూ, ఆపరేషన్" అంది. అమ్మమ్మ పెన్ను కింద పెట్టేసింది.

తేడా ఒక్క దీర్ఘం. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే, యూనికోడ్‌లో ఒకే ఒక్క క్యారెక్టర్ ఎక్కువ. ఇంటికొచ్చాక సిగ్గుతో నిఘంటువులు తిరగేశాను.

శాస్త్రం 'శాస్' అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. ఆజ్ఞాపించడం, బోధించడం అని అర్థం. శాసనం, శిష్యుడు కూడా అక్కడివే. శస్త్రం వచ్చింది 'శస్' నుంచి. అంటే నరకడం, కోయడం. కత్తి, గొడ్డలి లాగా చేత్తో పట్టుకుని కొట్టేది శస్త్రం.

మరి అస్త్రం? అది 'అస్' నుంచి, అంటే విసరడం. బాణం లాగా చేతిని వదిలి వెళ్ళేది అస్త్రం. పురాణాల్లో దీనికి మంత్రం కూడా తోడవుతుంది. భారతంలో అశ్వత్థామ ఒక గడ్డిపోచనే మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రంగా వదిలాడు. అర్జునుడికి తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం వచ్చు, అశ్వత్థామకి రాదు. విసిరినదాన్ని ఆపలేకపోవడమే అక్కడ అసలు ప్రమాదం.

అలాగని ఇదేదో కచ్చితమైన రూల్ అనుకోవద్దు. అమరకోశం ఆయుధం, ప్రహరణం, శస్త్రం, అస్త్రం అన్నిటినీ పర్యాయపదాలుగానే చెప్పింది. మనమూ 'అస్త్రశస్త్రాలు' అని కలిపే వాడతాం.

ఇప్పుడు ఈ రెండు మాటలూ ఎక్కడున్నాయో చూడండి. విమానం నుంచి ప్రయోగించే మన క్షిపణి పేరు 'అస్త్ర'. దాన్ని తయారుచేసేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్. ఆ 'క్షిపణి' కూడా విసరడం అనే అర్థమున్న 'క్షిప్' నుంచే పుట్టింది. పేపర్లలో ప్రతిపక్షాలకి రోజుకో కొత్త అస్త్రం దొరుకుతుంది. ఓడిపోతామని తెలిస్తే అస్త్రసన్యాసం చేస్తారు.

శస్త్రం మాత్రం యుద్ధం వదిలేసి హాస్పిటల్‌లో సెటిలైంది. అదీ నిన్న మొన్న కాదు. సుశ్రుత సంహిత వైద్యుడి పరికరాల్లో పదునైనవి 20 చెప్పి, వాటిని శస్త్రాలనే పిలిచింది. మొద్దుగా ఉండేవి 101, అవి యంత్రాలు. చంపడానికి పుట్టిన మాట బతికించే పనికి మారింది, కానీ కోయడం అనే అర్థాన్ని దాచలేదు. దాచింది నేనే, తెలియక.

ఆ రోజు అమ్మమ్మ డాక్టర్ని పిలిపించింది. ఎక్కడ కోస్తారు, ఎంత కోస్తారు, నొప్పి ఉంటుందా అని అన్నీ అడిగి తెలుసుకుంది. అప్పుడు సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆవిడకి కన్ను శుభ్రంగా కనిపిస్తోంది. ఈ వ్యాసంలో దీర్ఘాలు సరిచూసింది కూడా ఆవిడే.