ఐదు రూపాయల ప్యాకెట్టు: ధర నిలిచి, బరువు కదిలే లెక్క



ఆర్థికశాస్త్రం అనగానే బడ్జెట్టు, బ్యాంకులు, విదేశీ వ్యాపారం గుర్తుకు వస్తాయి. కాని ఆ శాస్త్రం మన వీధి చివరి కిరాణా కొట్టులోనే మొదలవుతుంది. సాయంత్రం టీలో ముంచుకు తినే బిస్కట్లు, పిల్లలు పరుగెత్తి తెచ్చుకునే చిప్సు, ఆదివారం తలంటుకు ఒక షాంపూ సాచెట్టు, ఇంటికి వచ్చిన మేనల్లుడి చేతిలో పెట్టే చాక్లెట్టు. కుటుంబ జీవితంలోని చిన్న సరదాలు ఇవే. ఇవి చిన్నవి కాబట్టి "ఐదు రూపాయలే కదా" అని మనం లెక్క చూడం. ఈ పాఠంలో ఆ లెక్కే చూద్దాం.

మన ప్రశ్న ఇది. గోధుమపిండి ధర పెరిగింది, చక్కెర ధర పెరిగింది, నూనె ధర పెరిగింది, రవాణా ఖర్చు పెరిగింది. అయినా ఐదు రూపాయల బిస్కట్ ప్యాకెట్టు ఏళ్ల తరబడి ఐదు రూపాయలకే ఎలా దొరుకుతోంది?

నాణెం నిర్ణయించే ధర

ముందుగా, ఈ ధరలన్నీ ఒకటి, రెండు, ఐదు, పది దగ్గరే ఎందుకు ఆగుతాయో గమనించండి. ఆరు రూపాయల ఇరవై పైసలకు చిప్సు ప్యాకెట్టు అమ్మితే ఎవరు కొంటారు? కొనేవాడి దగ్గర ఆ చిల్లర ఉండదు. అమ్మేవాడి దగ్గర తిరిగి ఇవ్వడానికీ ఉండదు. అందుకే చిన్న వస్తువు ధర చేతిలోని నాణేన్ని అనుసరిస్తుంది.

ఇది కొత్త విషయం కాదు. 1957 ఏప్రిల్ 1కి ముందు మన రూపాయికి పదహారు అణాలు. ఆ రోజు నుంచి రూపాయికి వంద పైసల దశాంశ పద్ధతి అమలులోకి వచ్చింది. అప్పుడు అణాకు ఇంత, అర్ధణాకు ఇంత అని కొనేవారు. తరవాత పావలాకు ఇంత, అర్ధరూపాయికి ఇంత అన్నారు. వస్తువులు ఖరీదైన కొద్దీ చిన్న నాణేలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 2011 జూన్ 30 నుంచి 25 పైసలు, అంతకంటె తక్కువ విలువగల నాణేలు చెలామణి నుంచి తొలగించబడ్డాయి. 50 పైసల నాణెం చట్టప్రకారం చెల్లుతుంది కాని కొట్లలో కనిపించడం అరుదు. చిల్లర లేదని దుకాణదారు చాక్లెట్ చేతిలో పెట్టడం మీకందరికీ తెలిసిందే.

పొట్లం నుంచి ప్యాకెట్టుకు

పూర్వం బఠాణీలో, వేరుశనగపప్పో కొంటే కొట్టువాడు కాగితం పొట్లం కట్టి ఇచ్చేవాడు. పావలా ఇస్తే పావలాకు తగినంత పోసేవాడు. సరుకు ధర పెరిగితే పొట్లం కాస్త సన్నబడేది. అంటే ధర నిలిచి పరిమాణం మారడమనేది పొట్లాల కాలం నుంచే ఉంది. అయితే అప్పుడు సరుకు కళ్ల ముందే తూగేది. "ఏమిటి, తగ్గించావు?" అని అడిగే వీలుండేది.

ప్యాకెట్టు వచ్చాక ఆ సంభాషణ ఆగిపోయింది. బదులుగా నాణ్యత, శుభ్రత, దేశమంతటా ఒకే ధర లభించాయి. 1929లో ముంబయిలోని విలే పార్లేలో మొదలైన కంపెనీ తయారుచేసే గ్లూకోజు బిస్కట్టు ఈనాడు కాశ్మీరు నుంచి కన్యాకుమారి వరకు చిన్న ప్యాకెట్టులో దొరుకుతుంది. సాచెట్టు కథ తమిళనాడుది. కడలూరులో చిన్నికృష్ణన్ అనే చిన్న పారిశ్రామికవేత్త, ఖరీదైన వస్తువును సామాన్యుడు కూడా కొనగలగాలంటే దానిని చిన్న పొట్లంలో అమ్మాలని భావించారు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో ప్రారంభించిన సంస్థ చిక్ షాంపూ సాచెట్లను గ్రామాలకు చేర్చింది. నెలకొక సీసా కొనలేని కూలి కుటుంబం కూడా వారానికొక సాచెట్టు కొనగలిగింది. రోజు కూలి రోజూ చేతికందే ఇంట్లో ఖర్చు కూడా రోజువారీగానే ఉంటుంది. చిన్న ప్యాకెట్టు ఆ అవసరాన్ని తీర్చింది. ఈ మేలును మనం మరువకూడదు.

ధర కదలకపోతే ఏది కదులుతుంది?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బిస్కట్టులో ప్రధానంగా ఉండేవి గోధుమపిండి, చక్కెర, పామాయిల్. మన దేశం వంటనూనెలలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటుంది. పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను కొన్ని వారాలపాటు ఆపివేసింది. మే నెలలో మన ప్రభుత్వం గోధుమల ఎగుమతిని నిషేధించింది. ఎక్కడో జరిగిన ఈ సంఘటనల భారం చివరకు మన టీ పళ్లెంలోని బిస్కట్టు మీద పడుతుంది. ధర పెంచితే నాణెం కుదరదు. కాబట్టి కంపెనీ బరువు తగ్గిస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఐదు రూపాయల ప్యాకెట్టు బరువు 100 గ్రాములు అనుకోండి. గ్రాము ధర 5 పైసలు. బరువును 80 గ్రాములకు తగ్గించారు. ఇప్పుడు గ్రాము ధర 6.25 పైసలు. బరువు తగ్గింది 20 శాతమే. కాని గ్రాము ధర పెరిగింది 25 శాతం. ఈ తేడాను జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. ఇరవై శాతం తగ్గిందని అనుకునేవాడు నిజానికి ఇరవై ఐదు శాతం ఎక్కువ చెల్లిస్తున్నాడు.

కొసరు వెనుక ఉన్న అసలు

"అసలు కన్నా కొసరు ముద్దు" అని సామెత. కూరగాయల బండి దగ్గర నాలుగు పచ్చిమిరపకాయలో, రెండు రెబ్బల కరివేపాకో కొసరు వేయించుకుంటే మనకు తృప్తి. ఈ మనస్తత్వం కంపెనీలకు బాగా తెలుసు. అందుకే ప్యాకెట్టు మీద "25 శాతం అదనం" అని పెద్ద అక్షరాలతో ముద్రిస్తారు.

పై ఉదాహరణనే కొనసాగించండి. 80 గ్రాముల ప్యాకెట్టుకు 25 శాతం అదనం అంటే 20 గ్రాములు. మొత్తం 100 గ్రాములు. అంటే కొసరుగా కనిపిస్తున్నది నిన్నటి అసలే. అన్ని అదనాలూ ఇలాంటివే అని అనడం లేదు. పాత బరువు తెలియనివాడికి నిజమైన కొసరేదో, తిరిగొచ్చిన అసలేదో తెలిసే మార్గం లేదని మాత్రమే చెబుతున్నాం.

సీసా చెప్పే పాఠం

బరువు తగ్గించడం అన్ని వస్తువులకూ సాధ్యం కాదు. 2003 ప్రాంతంలో శీతల పానీయాల కంపెనీలు 200 మిల్లీలీటర్ల చిన్న సీసాను ఐదు రూపాయలకు అమ్మి దేశమంతటా ప్రచారం చేశాయి. ఆ గాజు సీసా తాగి తిరిగి ఇచ్చేది. లక్షల సీసాలు చెలామణిలో ఉండగా వాటి పరిమాణాన్ని తగ్గించడం కుదరదు. అందువల్ల తరవాతి సంవత్సరాలలో ధరే పెరిగింది. అందరూ దానిని గమనించారు. కాగితంలా పలుచని కవరు మాత్రం మరుసటి నెలకే మారగలదు. ధర పెరిగితే ఇంట్లో మాట వస్తుంది. బరువు తగ్గితే రాదు. ఇదే ఈ పాఠంలోని ముఖ్య విషయం.

చట్టం ఏమంటుంది?

బరువు తగ్గించడం నేరం కాదు. తగ్గించిన బరువును ప్యాకెట్టు మీద సరిగా ముద్రిస్తే చట్టం అభ్యంతరం చెప్పదు. ముద్రించిన దానికన్నా తక్కువ ఇస్తేనే తప్పు. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలను 1990లో సవరించి, అన్ని పన్నులు కలిపిన గరిష్ఠ చిల్లర ధరను, అంటే ఎమ్మార్పీని, తప్పనిసరి చేశారు. అంతకుముందు "స్థానిక పన్నులు అదనం" అని ముద్రించే వీలుండేది. 2009లో తూనికలు కొలతల కొత్త చట్టం వచ్చి 2011 ఏప్రిల్ 1 నుంచి అమలయింది.

2021లో చేసిన సవరణ మన పాఠానికి చాలా ముఖ్యం. బిస్కట్లు మొదలైన కొన్ని సరుకులను నిర్ణీత బరువులలోనే అమ్మాలన్న పట్టికను అది తొలగించింది. దాని బదులు యూనిట్ ధర, అంటే గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో ముద్రించాలని చెప్పింది. ఇది మంచి మార్పే. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. యూనిట్ ధరను రూపాయలలో రెండు దశాంశ స్థానాలకు సవరించి వేస్తారు. ఐదు రూపాయలకు 90 గ్రాములిచ్చినా, 77 గ్రాములిచ్చినా గ్రాము ధర 0.06 రూపాయలే అని కనిపిస్తుంది. వంద గ్రాములకు లెక్కిస్తే మొదటిది 5.56 రూపాయలు, రెండవది 6.49 రూపాయలు. అంతేకాక 10 గ్రాములు లేక 10 మిల్లీలీటర్లు, అంతకు తక్కువ ఉన్న పొట్లాలకు ఈ నిబంధనలలో మినహాయింపు ఉంది. కాబట్టి లెక్క చివరకు కొనేవాడి చేతిలోనే ఉంది.

ఒక్క బిస్కట్టు తగ్గితే?

తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లా వినియోగదారుల కమిషన్ 2023లో ఒక ఆసక్తికరమైన తీర్పు ఇచ్చింది. కవరు మీద 16 బిస్కట్లు అని ఉంది. లోపల 15 మాత్రమే ఉన్నాయి. కొన్న వ్యక్తి ఫిర్యాదు చేశాడు. తాము బిస్కట్లను లెక్కపెట్టి కాక, బరువును బట్టి అమ్ముతామని కంపెనీ వాదించింది. తూచి చూస్తే ముద్రించిన 76 గ్రాములకు బదులు 74 గ్రాములు తేలాయి. ఫిర్యాదుదారుకు లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని కమిషన్ ఆదేశించింది. ఒక బిస్కట్టు విలువ రూపాయి కూడా ఉండదు. కాని లక్షల ప్యాకెట్లు అమ్ముడయ్యే చోట ఆ చిన్న మొత్తమే పెద్ద మొత్తమవుతుంది. చిన్న కొనుగోలుకు కూడా చట్టం ముందు విలువ ఉందని ఈ తీర్పు తెలియజేస్తోంది.

పన్ను తగ్గినప్పుడు

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కట్లు, చాక్లెట్లు, షాంపూ మొదలైన వాటిపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మన ఐదు రూపాయల ప్యాకెట్టును చూడండి. ఐదు రూపాయలలో 18 శాతం పన్ను తీసివేస్తే మూలధర సుమారు 4.24 రూపాయలు. దానికి 5 శాతం పన్ను కలిపితే సుమారు 4.45 రూపాయలు. కాని నలభై అయిదు పైసలకు చిల్లర ఎక్కడిది? మళ్లీ నాణెం సమస్యే. కొన్ని కంపెనీలు కొద్దికాలం పైసలతో కూడిన ధరలు ముద్రించాయి. మరికొన్ని పాత ధర ఉంచి బరువు పెంచే దారి పట్టాయి. అంటే లాభం కూడా గ్రాములలోనే ఇంటికి చేరుతుంది. బరువు చదవనివారికి నష్టం తెలియనట్లే ఈ లాభమూ తెలియదు.

చిన్న ప్యాకెట్టు ఎప్పుడూ ఖరీదేనా?

"పెద్దది కొంటే కలిసొస్తుంది" అని ఇంట్లో పెద్దలు అంటారు. చాలా సరుకుల విషయంలో అది నిజమే. కాని షాంపూ విషయంలో మిల్లీలీటరు లెక్కన సీసా కన్నా సాచెట్టే చవకగా ఉండటం మన దేశంలో తరచు కనిపిస్తుంది. సాచెట్ల మధ్య పోటీ అంత తీవ్రంగా ఉంటుంది. అయితే దానికి మరో ఖర్చు ఉంది. అనేక పొరల ప్లాస్టిక్‌తో చేసిన ఆ కవరును తిరిగి ఉపయోగించడం చాలా కష్టం. అది మురుగు కాలువలో చేరితే ఆ ఖర్చు ఊరంతా భరించాలి. కవరు మీద ముద్రించని ధర అది.

సారాంశం

చిన్న సరదాలను మానుకోమని ఈ పాఠం చెప్పడం లేదు. టీ పక్కన బిస్కట్టు ఉండవలసిందే. అయితే చిన్న ప్యాకెట్టు మీద రెండు అంకెలుంటాయి. పెద్ద అక్షరాలతో ఉండే ధర నిలకడగా కనిపిస్తుంది. చిన్న అక్షరాలతో ఉండే నికర బరువు కదులుతూ ఉంటుంది. నిజమైన ధర ఆ రెండింటి భాగహారంలో ఉంది. ఆదాయం తక్కువగా ఉన్న ఇంట్లో ఈ తేడా నెల తిరిగేసరికి ఒక పూట కూరకు సరిపోవచ్చు. అందుకే ఈ లెక్క తెలియడం ముఖ్యం.

మీరు చేయవలసిన పని

ఇంట్లో తరచు కొనే ఐదు చిన్న ప్యాకెట్లను ఎంచుకోండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, ధర, నికర బరువు, వంద గ్రాముల ధర అనే నాలుగు గడులు గీయండి. మూడు నెలలకొకసారి అదే సరుకు కొన్నప్పుడు నింపండి. ఏడాది తరవాత ఏ గడి మారిందో, ఏ గడి మారలేదో తరగతిలో చర్చించండి. ముద్రించిన బరువు కన్నా తక్కువ వచ్చినా, ఎమ్మార్పీ కన్నా ఎక్కువ అడిగినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చని ఇంట్లో వారికి చెప్పండి. వచ్చిన బిల్లును, ఖాళీ కవరును దాచిపెట్టడం మరవకండి. ఫిర్యాదుకు అవే సాక్ష్యాలు.