సిస్టర్ ఎందుకు కసిరింది?

సంక్రాంతికి పాచిపెంట వచ్చినప్పుడు బీపీ మాత్రల కోసం మా అత్తని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లా. గంటన్నర లైన్లో నిలబడ్డాం. అత్త లోపలికెళ్లే టైముకి నాకు ఆఫీసు కాల్ వచ్చింది. బయటే ఉండిపోయా.

"చదువు లేకపోతే చెవులు కూడా లేవా నీకు?" అన్న కేక విని పరిగెత్తా. ఇంట్లో కువి మాట్లాడే అత్తకి సిస్టర్ గబగబా అడిగిన తెలుగు అందలేదు, అంతే. బయటికొచ్చాక అత్త ఒకటే మాట అంది: ఇంక ఇక్కడికి రానని.

గొడవ పెట్టుకుందామని లోపలికెళ్లా. బల్ల మీద మూత తియ్యని టిఫిన్ బాక్సు. రాత్రి డ్యూటీ చేసిన మనిషే, రిలీవర్ రాక ఇంకా అక్కడే ఉంది. తెల్లారుజామున ఒక కాన్పు చేసిందట. రిజిస్టర్లు రాయాలి, యాప్‌లో మళ్లీ అవే ఎక్కించాలి. నాకు మాట రాలేదు. రిలీజ్ రోజు రాత్రి నేనూ జూనియర్ మీద అలాగే అరిచాను మరి.

దీనికి పేరుంది: బర్న్‌అవుట్. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనలేదు, పని ఒత్తిడి ఫలితం అంది. లక్షణాలు మూడు: ఓపిక అయిపోవడం, పని మీద విరక్తి, పని సరిగ్గా చెయ్యలేకపోవడం. ఆ విరక్తిలో ఎదురుగా ఉన్నది మనిషి కాదు, 'కేసు'.

రూల్ ప్రకారం మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, గిరిజన కొండల్లో 20 వేలకే ఒకటి. కానీ ఖాళీ పోస్టుని ఏ రూలూ నింపదు. కువి తెలిసిన మనిషిని ఓపీలో కూర్చోబెట్టదు.

అయితే అలసట ఒక్కటే కారణమా? అదే అలసటలో సిస్టర్ నన్ను 'మీరు' అంది, అత్తని 'నువ్వు' అంది. ఎవరి మీద అరవొచ్చో అలసిపోయిన మనిషికీ తెలుసు. అది డ్యూటీ నేర్పింది కాదు, మనందరం నేర్పిందే. సిబ్బందిని పెంచితే మొదటిది తగ్గుతుంది. రెండోది తగ్గాలంటే పైవాళ్లు అడగాలి, పక్కనున్న మనమూ అడగాలి.

నెల తర్వాత ఫోన్ చేస్తే అత్త మాత్రలు మానేసిందని తెలిసింది. చివరికి ఊళ్లో ఆశా అక్క వచ్చి, పక్కన కూర్చుని, కువిలో మాట్లాడి ఒప్పించింది. ఈసారి తనే వెంట వెళ్లింది.

ఆ రోజు నేను కాల్ కట్ చేసి చెయ్యాల్సిన పని అది.