సూక్ష్మజీవుల గోత్రము నెఱిగిన యాచార్యుడు

పాలు తోడుకొనుటకును, పిండి పులియుటకును కంటికి గానరాని జీవులే కారణమని మనమెల్లరము వినియున్నాము. అట్టి జీవుల చుట్టఱికములను విచారించి, వానిలో నొక క్రొత్తవంశమును లోకమునకు జూపిన యాచార్యుడు కార్ల్ వోజు.

ఆయన 1928వ సంవత్సరమున అమెరికాదేశమందలి సిరక్యూసు పట్టణమున జన్మించెను. 1964లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున సూక్ష్మజీవశాస్త్రము బోధింప జేరి, 2012లో గతించువఱకు నా విద్యాలయమును విడువలేదు.

ముఖమును జూచి గోత్రము చెప్పగలమా? పూర్వపు పండితులు సూక్ష్మజీవులను గుండ్రనివి, కడ్డీలవంటివి యని రూపమునుబట్టియే చాలవఱకు విభజించుచుండిరి. వోజుగారి కిది తృప్తి నొసగలేదు. ప్రతి జీవకణమునందును మాంసకృత్తులను నిర్మించు రైబోసోములు గలవు. వానియందలి ఆర్.ఎన్.ఏ. అను పదార్థమున నాలుగువిధములైన యంశములు దండలోని పూసలవలె వరుసగా నుండును. ఆ వరుస తరతరములకు మిక్కిలి మెల్లగా మాఱును. కావున రెండు జీవుల వరుసలను బోల్చినచో వాని బంధుత్వము తెలియునని యాయన నిశ్చయించెను. ఆ దినములలో నిది యెంతయో ప్రయాసము. ఆ పదార్థమును తునుకలు గావించి, వాని గుర్తులు పడిన ఫిల్ములను దీపపుబల్లపై నుంచి, యాయన యేండ్లతరబడి యొంటరిగా బరిశీలించెను.

1976లో సహాచార్యుడగు రాల్ఫు వుల్ఫుగారి సాయమున మీథేనువాయువును బుట్టించు నొక జీవిని పరీక్షింపగా, బాక్టీరియాల కెల్ల నుండవలసిన గుర్తులు దానియందు గానరాలేదు! ఇట్టి జీవులు ఆవుకడుపున నుండును. మన పల్లెలలో గోబరుగ్యాసుపొయ్యిని వెలిగించు వాయువు వీనివలననే పుట్టును. ఇవి బాక్టీరియాలు గావనియు, వేఱొక మూలవంశమనియు 1977లో వోజుగారు జార్జి ఫాక్సుగారితో గూడి ప్రకటించిరి. ఆ వంశమునకే తరువాత ఆర్కియా యను పేరు వచ్చెను.

పండితులనేకులు పరిహసించిరి. నోబెలు బహుమానము నందిన లూరియాగారు వుల్ఫుగారికి టెలిఫోనుచేసి, యీ వెఱ్ఱిమాటలతో సంబంధము వదలుకొమ్మని హెచ్చరించిరి. వోజుగారు మాత్రము తన పని మానలేదు. 1996లో ఒక ఆర్కియాజీవి జన్యువులన్నియు జదువబడినప్పుడు వానిలో సగమునకు మించినవి యంతకుముం దెఱుగనివే యని తేలి, యాయనమాట నిలిచెను. 2003లో స్వీడనుదేశపు క్రాఫోర్డు బహుమాన మాయనకు లభించెను.

సోదరీమణులారా! మన బిడ్డ పదిమందియు గాదన్నమాటను బట్టుకొని కూర్చున్నచో వెంటనే మందలింపకుడు. “దానిని నీవు పరీక్షించి చూచితివా?” యని యడుగుడు. చూచితినన్నచో, ఆ బిడ్డకు దీపమును, తీరికయు నిండు.